మూడో స్థానంతోనే తేలిపోయిన ఎన్నిక: లూసియానా గవర్నర్ పదవి, రనాఫ్ పోలింగ్ మర్మం

1991 అక్టోబరు 19, శనివారం. అమెరికా దక్షిణాది రాష్ట్రమైన లూసియానాలో గవర్నర్ ఎన్నికకు పోలింగ్ ముగిసి లెక్క తేలేసరికి, పదవిలో ఉన్న గవర్నర్ బడ్డీ రోమర్ 26.5 శాతం ఓట్లతో మూడో స్థానంలో ఉన్నారు. 33.8 శాతంతో ఎడ్విన్ ఎడ్వర్డ్స్ మొదటి స్థానంలో, 31.7 శాతంతో డేవిడ్ డ్యూక్ రెండో స్థానంలో నిలిచారు. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాలేదు కనుక, ఆ రాష్ట్ర చట్టం ప్రకారం మొదటి ఇద్దరి మధ్య నాలుగు వారాల తర్వాత మళ్ళీ పోలింగ్ జరగాలి. దాన్నే రనాఫ్ అంటారు. ఆ ఇద్దరిలో ఒకరు అప్పటికే మూడుసార్లు గవర్నర్‌గా చేసి, అవినీతి కేసులో బోనెక్కి, నిర్దోషిగా బయటపడిన నాయకుడు. మరొకరు తెల్లజాతి దురహంకార సంస్థ కు క్లక్స్ క్లాన్‌లో ఒకప్పటి పెద్ద తలకాయ. "దొంగకే ఓటెయ్యండి, ఇది ముఖ్యం" అన్న స్టిక్కర్లు కార్ల వెనుక వెలిశాయి. వాటిని అంటించుకున్నది ఎడ్వర్డ్స్ శత్రువులు కాదు, ఆయనకు ఓటు వేయబోతున్న వాళ్ళే. నవంబరు 16న ఎడ్వర్డ్స్ 61 శాతం ఓట్లతో గెలిచారు.

అంకె మాత్రమే చూసేవారికి అది తిరుగులేని ప్రజామోదంగా కనిపిస్తుంది. కానీ నాలుగు వారాల ముందు అదే మనిషికి ముగ్గురిలో ఒక్కరి మద్దతు మాత్రమే ఉంది. ఆ నాలుగు వారాల్లో ఆయన కొత్తగా చేసిన ఘనకార్యం ఏదీ లేదు. మారింది ఓటరు ముందున్న జాబితా. రనాఫ్ పద్ధతిని అర్థం చేసుకోవాలంటే ఈ తేడాను పట్టుకోవాలి. సగానికి మించిన ఓట్లతో గెలిచిన వారే పదవిలో కూర్చోవాలన్న కోరిక న్యాయమైనదే. అయితే ఆ సగాన్ని రెండో పోలింగ్ వెతికి పట్టుకోదు, మిగిలిన దారులన్నీ మూసి తయారుచేస్తుంది. ఏ దారులు మూయాలన్నది మాత్రం మొదటి పోలింగ్ రోజే తేలిపోతుంది.

ముందుగా గవర్నర్ అన్న మాట గురించి ఒక వివరణ అవసరం. మనకు గవర్నర్ అంటే 155వ అధికరణం కింద రాష్ట్రపతి నియమించే లోక్‌భవన్ (2025 దాకా రాజ్‌భవన్) నివాసి. అమెరికాలో గవర్నర్ ప్రజలు నేరుగా ఎన్నుకునే రాష్ట్రాధినేత. బడ్జెట్ ప్రతిపాదించడం, చట్టసభ ఆమోదించిన బిల్లును వీటో చేయడం వంటి అధికారాలు ఆ పదవికి ఉంటాయి. మన లెక్కలో చెప్పాలంటే ముఖ్యమంత్రికి దగ్గర, కాకపోతే శాసనసభలో బలం నిరూపించుకోవలసిన పని లేదు. మన రాజ్యాంగ సభ కూడా 1947లో గవర్నర్లను వయోజన ఓటుతో ఎన్నుకోవాలనే ఆలోచనతోనే మొదలుపెట్టి, ప్రజలెన్నుకున్న గవర్నరూ ప్రజలెన్నుకున్న ముఖ్యమంత్రీ ఒకే ఒరలో రెండు కత్తులవుతారన్న వాదన బలపడి, 1949లో దాన్ని వదులుకుంది.

అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు మనలాగే అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలన్న సూత్రంతో గవర్నర్‌ను ఎన్నుకుంటాయి. దానికి ముందు ఒక్కొక్క పార్టీ తన అభ్యర్థిని తేల్చుకోవడానికి ప్రైమరీ అనే ఎన్నిక జరుపుకుంటుంది. లూసియానాది వేరే బాణీ. అక్కడ గవర్నర్ పదవికి పార్టీల ప్రైమరీలు లేవు. ఏ పార్టీ వారైనా, ఒకే పార్టీ నుంచి ఎంతమందైనా, ఒకే బ్యాలెట్ మీద పోటీ చేస్తారు. ఓటర్లందరూ అదే బ్యాలెట్‌పై ఓటు వేస్తారు. సగానికి మించి ఓట్లు వచ్చిన వారు ఉంటే ఎన్నిక అక్కడితో ముగుస్తుంది. లేకపోతే మొదటి ఇద్దరు రనాఫ్‌కు వెళతారు, ఆ ఇద్దరూ ఒకే పార్టీ వారైనా సరే. ఈ గుంపు పోటీకి అమెరికన్లు పెట్టుకున్న ముద్దుపేరు జంగిల్ ప్రైమరీ.

ఈ చట్టానికి కర్త ఎవరో కాదు, ఆ ఎడ్వర్డ్సే. 1971లో ఆయన మొదటిసారి గవర్నర్ పదవికి దిగినప్పుడు పాత పద్ధతి ఉండేది. డెమొక్రటిక్ పార్టీ ప్రైమరీలో ఎవరికీ సగం దాటకపోవడంతో ఆయన జె. బెనెట్ జాన్‌స్టన్‌తో రెండోసారి తలపడి, ఐదు వేల లోపు ఓట్ల తేడాతో బయటపడ్డారు. 1972 ఫిబ్రవరిలో మూడో పోరు రిపబ్లికన్ డేవ్ ట్రీన్‌తో. తాను రెండు ఎన్నికల్లో డబ్బూ ఓపికా ఖర్చుచేసి అలసిపోతే, పెద్దగా పోటీ లేని ట్రీన్ తాజాగా వచ్చి ఎదుట నిలబడ్డారన్నది ఎడ్వర్డ్స్ బాధ. అందరినీ మొదటి రోజునే ఒకే బరిలోకి దింపితే ఆ సౌకర్యం రిపబ్లికన్లకు ఉండదని ఆయన ఒత్తిడి తెచ్చి చట్టం చేయించారు. 1975లో ఆయన ఆ పద్ధతిలోనే, తొలి పోలింగ్‌లోనే సులువుగా గెలిచారు. కానీ నియమం రాసినవారి మాట నియమం వినదు. 1979లో, వరుసగా రెండు పర్యాయాల పరిమితి వల్ల ఎడ్వర్డ్స్ బరిలో లేనప్పుడు, డెమొక్రాట్లు అరడజను మంది ఓట్లు పంచుకున్నారు. ట్రీన్ ముందుకు వచ్చి, రనాఫ్‌లో లూయీ లాంబర్ట్‌ను పది వేల లోపు ఓట్ల తేడాతో ఓడించారు. మొదటి విడతలో ఓడిన డెమొక్రాట్లలో నలుగురు సొంత పార్టీ వారిని కాదని ట్రీన్‌కు మద్దతు పలికారు. 1877 తర్వాత లూసియానాకు రిపబ్లికన్ గవర్నర్ రావడం అదే మొదలు. రిపబ్లికన్లను ఆపడానికి కట్టిన గోడే వారికి నిచ్చెన అయింది.

1987లో మరో చిత్రం జరిగింది. తొలి పోలింగ్‌లో రోమర్, అప్పుడు ఆయన డెమొక్రాట్, దాదాపు 33 శాతంతో మొదట నిలవగా, అప్పటికి మళ్ళీ గవర్నర్‌గా ఉన్న ఎడ్వర్డ్స్ 28 శాతంతో రెండో స్థానంలో ఉన్నారు. రనాఫ్ తప్పదనుకుంటుండగా ఎడ్వర్డ్స్ ఆ రాత్రే పోటీ నుంచి తప్పుకున్నారు. ప్రత్యర్థి లేకపోవడంతో రెండో పోలింగ్ జరగలేదు, రోమర్ మూడింట ఒక వంతు ఓట్లతోనే గవర్నర్ అయ్యారు. ఇది పైకి ఓటమిని హుందాగా ఒప్పుకోవడంలా కనిపించినా, దాని ఫలితం వేరు: సగానికి మించిన ఓటర్లు తనను ఎన్నుకున్నారని చెప్పుకునే అవకాశం రోమర్‌కు లేకుండా పోయింది. అది ఎడ్వర్డ్స్ వేసిన ఎత్తేనని నా అనుమానం. నాలుగేళ్ళ తర్వాత ఆయన తిరిగివచ్చారు.

ఈ నాలుగేళ్ళలో రోమర్ 1991 మార్చిలో రిపబ్లికన్ పార్టీలోకి మారారు. పార్టీ రాష్ట్ర మహాసభ మాత్రం కొత్తగా వచ్చిన ఆయనను కాదని క్లైడ్ హాలోవేను తన అభ్యర్థిగా ప్రకటించింది. 1989లో రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నికై, 1990లో సెనేట్‌కు పోటీ చేసి ఓడినా గణనీయంగా ఓట్లు తెచ్చుకున్న డ్యూక్ కూడా రిపబ్లికన్ పేరుతోనే బరిలోకి దిగారు. అంటే ఒకే పార్టీ నుంచి ముగ్గురు. అక్టోబరు 19 ఓట్లను విడదీసి చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. డ్యూక్‌కు 4,91,342 ఓట్లు, రోమర్‌కు 4,10,690. తేడా 80,652. పార్టీ అధికారిక అభ్యర్థి హాలోవేకు వచ్చినవి 82,683. పార్టీ మహాసభ మరో పేరు ప్రకటించి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టమే, ఎందుకంటే హాలోవే ఓట్లన్నీ రోమర్‌కే పడేవని చెప్పలేము. అయినా రనాఫ్ గడప దాటడానికీ దాటకపోవడానికీ మధ్య ఉన్నది ఇంతేనని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు. రోమర్‌ను ఎడ్వర్డ్స్‌తో ఒంటరిగా నిలబెట్టి ఉంటే, డ్యూక్ ఓటర్లలో ఎక్కువమంది ఎడ్వర్డ్స్ వైపు కాక రోమర్ వైపే మొగ్గేవారు. డ్యూక్‌తో నిలబెట్టి ఉంటే, ఎడ్వర్డ్స్ ఓటర్లు, అందులో ముఖ్యంగా నల్లజాతి ఓటర్లు, రోమర్‌ను ఎంచుకోక తప్పేది కాదు. అంటే ఇద్దరిలో ఎవరితో తలపడినా గెలిచే అవకాశం ఎక్కువగా ఉన్న మనిషే మూడో స్థానంలో ఆగిపోయారు. ఎక్కువమందికి రెండో ఇష్టంగా ఉండి, తక్కువమందికి మొదటి ఇష్టంగా ఉన్న అభ్యర్థిని అటూ ఇటూ ఉన్నవారు నలిపేయడం ఈ పద్ధతిలో ఉన్న పెద్ద లోపం. ఎన్నికల పద్ధతులను చదివేవారు 1991 లూసియానాను తరచూ ఉదాహరించేది అందుకే.

రనాఫ్ నాటికి ఓటర్లు ఎంత కదిలిపోయారో అంకెలు చెబుతాయి. మొదటి విడతలో 5,23,096 ఓట్లు తెచ్చుకున్న ఎడ్వర్డ్స్‌కు రెండో విడతలో 10,57,031 వచ్చాయి. డ్యూక్ 6,71,009కి పెరిగారు. మొత్తం ఓట్లు సుమారు 15.5 లక్షల నుంచి 17.28 లక్షలకు చేరాయి, నమోదైన ఓటర్లలో నూటికి దాదాపు 80 మంది పోలింగ్ కేంద్రానికి వచ్చారు. ఓడిపోయిన రోమర్, మాజీ గవర్నర్ ట్రీన్ ఇద్దరూ తమ రాజకీయ ప్రత్యర్థికే మద్దతు ప్రకటించారు. నాటి అధ్యక్షుడు, రిపబ్లికన్ అయిన జార్జ్ బుష్ సైతం తన పార్టీ పేరుతో పోటీ చేస్తున్న డ్యూక్‌ను బహిరంగంగా ఖండించారు. ఇంత జరిగినా తెల్లజాతి ఓటర్లలో సగానికి పైగా డ్యూక్‌కే ఓటు వేశారని పోలింగ్ నాటి సర్వేలు చెప్పాయి. రనాఫ్ ఒక ప్రమాదాన్ని ఆపిందన్న మాట నిజం. దాన్ని గుమ్మం దాకా తెచ్చింది కూడా ఆ పద్ధతేనన్నది మిగిలిన సగం నిజం. సాధారణ పద్ధతిలో ఎడ్వర్డ్స్ 33.8 శాతంతో అక్టోబరులోనే గెలిచేవారు. పార్టీల ప్రైమరీలు ఉండి ఉంటే రోమర్, డ్యూక్, హాలోవే తమలో తాము ముందే తేల్చుకునేవారు. ఏ పద్ధతిలోనైనా ఎక్కడో ఒకచోట వడపోత తప్పదు. అది ఏ దశలో, ఎవరి చేతుల మీదుగా జరగాలన్నదే తేడా.

రనాఫ్ గురించి ఉన్న ఇంకొక అపోహ, అది మొదటి ఎన్నికకు కొనసాగింపు అన్నది. నిజానికి అది వేరే ఎన్నిక. వచ్చే ఓటర్లు కూడా సరిగ్గా వారే కారు. 2003లో తొలి విడతలో బాబీ జిందాల్ 33 శాతంతో ముందుండగా, 18 శాతంతో రెండో స్థానంలో ఉన్న క్యాథ్లీన్ బ్లాంకో రనాఫ్‌లో 52 శాతం తెచ్చుకుని గవర్నర్ అయ్యారు. పంజాబీ మూలాలున్న జిందాల్ 2007లో తొలి పోలింగ్‌లోనే 54 శాతంతో గెలిచి, రనాఫ్ అవసరం లేకుండా చేసుకున్నారు. 2015లో రిపబ్లికన్లు ముగ్గురు ఒకరినొకరు తూర్పారబట్టుకుని, వారిలో డేవిడ్ విటర్ రనాఫ్‌కు చేరేసరికి ఓడిన జే డార్డెన్ డెమొక్రాట్ జాన్ బెల్ ఎడ్వర్డ్స్‌కు మద్దతు ఇచ్చారు. ఈయనకు పాత ఎడ్వర్డ్స్‌తో బంధుత్వం లేదు, ఇంటిపేరు కలిసిందంతే. ఆ ఎన్నికలో ఆయన 56 శాతంతో గెలిచారు.

2019 ఇంకా స్పష్టమైన ఉదాహరణ. అక్టోబరు 12న గవర్నర్ జాన్ బెల్ ఎడ్వర్డ్స్‌కు 46.6 శాతం, రిపబ్లికన్లు ఎడ్డీ రిస్పోన్‌కు 27.4, రాల్ఫ్ ఏబ్రహాంకు 23.6 శాతం వచ్చాయి. రిపబ్లికన్ల ఓట్లు కూడితే 51 శాతం. కూడిక ప్రకారం రనాఫ్‌లో రిస్పోన్ గెలవాలి. ఆయన గెలుపు కోసం అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ స్వయంగా రాష్ట్రానికి వచ్చి పదేపదే సభలు పెట్టారు. కానీ నవంబరు 16న ఎడ్వర్డ్స్ 7,74,498 ఓట్లతో గెలిచారు, రిస్పోన్‌కు 7,34,286 వచ్చాయి. రిస్పోన్‌కు తన పార్టీ ఓట్లు పడలేదని చెప్పలేము. తొలి విడతలో రిపబ్లికన్లిద్దరికీ కలిపి వచ్చిన వాటికంటే ఆయనకు ఎక్కువే వచ్చాయి. అయితే మొత్తం పోలైన ఓట్లు 13.4 లక్షల నుంచి 15 లక్షలకు పెరగగా, కొత్తగా కదిలివచ్చిన వారిలో ఎక్కువమంది ఎడ్వర్డ్స్ వైపు ఉన్నారు. ట్రంప్ సభలు తన వారిని ఎంత కదిలించాయో, అవతలి వారినీ అంతకు మించి కదిలించాయని నాకనిపిస్తుంది.

ఇతర రాష్ట్రాలు ఈ సగం నిబంధనకు వేర్వేరు మూల్యాలు చెల్లించాయి. జార్జియాలో 1966లో బో కాలవే, లెస్టర్ మాడక్స్ ఇద్దరికీ సగం రాలేదు. జాబితాలో లేని మూడో మనిషి పేరును ఓటర్లు చేతిరాతతో రాసి వేసిన ఓట్లు ఇద్దరి లెక్కనూ దెబ్బకొట్టాయి. అప్పటి రాజ్యాంగం ప్రకారం నిర్ణయం శాసనసభ చేతికి పోయి, ఓట్లలో రెండో స్థానంలో ఉన్న, జాతి విభజన వాది అయిన మాడక్స్ గవర్నర్ అయ్యారు. ఆ అనుభవం తర్వాతే జార్జియా ఆ అధికారాన్ని చట్టసభ నుంచి తీసి రనాఫ్ రూపంలో ఓటర్లకు ఇచ్చింది. మిసిసిపీలో 1890 నాటి రాజ్యాంగ నియమం వల్ల 2000 జనవరిలో గవర్నర్‌ను ప్రతినిధుల సభే ఎన్నుకోవలసి వచ్చింది. 2020లో ఓటర్లు దాన్ని రద్దుచేసి రనాఫ్‌కు ఓటు వేశారు. వెర్మాంట్‌లో ఇప్పటికీ ఎవరికీ సగం రాకపోతే చట్టసభే తేలుస్తుంది.

అరిజోనా కథ మాత్రం వేరే పాఠం. 1986లో ముగ్గురి పోటీలో ఇవాన్ మీచమ్ 40 శాతంతో గవర్నర్ అయి, 1988లో అభిశంసనతో పదవి పోగొట్టుకున్నారు. ఇలా మరోసారి జరగకూడదని రాష్ట్రం 50 శాతం నియమం పెట్టుకుంది. 1990 నవంబరులో ఫైఫ్ సిమింగ్టన్‌కు 49.65 శాతం, టెర్రీ గొడార్డ్‌కు 49.24 శాతం వచ్చాయి. చేతిరాత ఓట్లు ఒక్క శాతం వల్ల ఇద్దరూ గీత దాటలేదు. రాష్ట్రం మొత్తం దాదాపు నాలుగు నెలలు ఆగి, 1991 ఫిబ్రవరి 26న మళ్ళీ ఓటు వేసి, నవంబరులో ముందున్న సిమింగ్టన్‌నే ఎన్నుకుంది. ఖర్చూ, విసుగూ తప్ప ఒరిగిందేమిటన్న ప్రశ్న అందరికీ వచ్చింది. 1992లో ఓటర్లు ఆ నియమాన్ని ఎత్తేశారు.

రెండోసారి పోలింగ్ పెట్టకుండానే రనాఫ్ ఫలితం రాబట్టే మార్గం మనకు తెలియనిది కాదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఒకటో, రెండో ప్రాధాన్య ఓట్లు వేయడం, చివరి అభ్యర్థిని ఎలిమినేట్ చేసి ఆ ఓట్లను పంచడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజుల తరబడి సాగే తంతు. రాష్ట్రపతి ఎన్నికదీ ఇదే సూత్రం. అందులో రెండో ప్రాధాన్య ఓట్లదాకా వెళ్ళిన ఒకే ఒక్క సందర్భం 1969లో వచ్చింది, పోటీపడిన ప్రధాన అభ్యర్థులిద్దరూ తెలుగువారే. గెలుపుకు 4,18,169 కావలసి ఉండగా, మొదటి ప్రాధాన్యంలో వి.వి. గిరికి 4,01,515, నీలం సంజీవరెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 విలువైన ఓట్లు వచ్చాయి. మిగిలిన వారిని తొలగించి పంచాక గిరి 4,20,077తో గెలిచారు. దేశ్‌ముఖ్ ఓట్లలో అత్యధికం సంజీవరెడ్డికే చేరడంతో తేడా 88 వేల నుంచి 15 వేల లోపుకు పడిపోయింది. లూసియానాలో నాలుగు వారాలు పట్టేది ఇక్కడ ఒక్క లెక్కింపులో ముగిసింది. కానీ ఈ పద్ధతి కూడా నడుమ ఉన్న అభ్యర్థిని కాపాడుతుందని హామీ ఇవ్వదు. మొదటి ఇష్టాల్లో వెనుకబడిన వారిని ఇదీ ముందే పక్కకు నెడుతుంది. ఓటరుకు ప్రచారం మధ్యలో మనసు మార్చుకునే వ్యవధి లేకపోవడం ఇందులోని మరో తేడా. 1991లో రోమర్ ఓటర్లకు ఆ నాలుగు వారాలు చాలా పనికొచ్చాయి.

లూసియానాలో ఈ పద్ధతి ఇప్పుడు మునుపటంత విస్తృతంగా లేదు. 2024లో చేసిన చట్టంతో అమెరికా కాంగ్రెస్ స్థానాలకూ మరికొన్ని పదవులకూ తిరిగి పార్టీ ప్రైమరీలు వచ్చాయి. గవర్నర్ ఎన్నిక మాత్రం పాత దారిలోనే ఉంది. పార్టీలు తమ వడపోతను ఇంకా ముందుకు జరుపుకున్నాయి. 2015, 2019 అనుభవాలతో కాలిన రిపబ్లికన్ పార్టీ, 2023 ఎన్నికకు దాదాపు ఏడాది ముందే, ఇతరులు బరిలోకి దిగకముందే, జెఫ్ లాండ్రీకి మద్దతు ప్రకటించింది. ఆయన అక్టోబరు 14న 51.6 శాతంతో తొలి పోలింగ్‌లోనే గెలిచారు, రనాఫ్ జరగలేదు. ఆ రోజు పోలింగ్ కేంద్రానికి వచ్చినవారు నమోదైన ఓటర్లలో సుమారు 36 శాతం. ఆయనకు పడ్డవి దాదాపు 5.5 లక్షల ఓట్లు. 1991 రనాఫ్‌లో చిత్తుగా ఓడిన డ్యూక్‌కు అంతకంటే లక్షకు పైగా ఎక్కువే వచ్చాయి.